డిగ్రీ అయినాక ఏం చేస్తవు?

గోదావరికి ఆ ఒడ్డున మంచిర్యాల, బెల్లంపల్లి. ఈ ఒడ్డున పెద్దపల్లి, జగిత్యాల. 2016 అక్టోబరులో జిల్లాలను విడగొట్టారు గానీ నా నోట ఇప్పటికీ ఆదిలాబాద్, కరీంనగర్ అనే వస్తుంది. ఈ రెండు జిల్లాల ప్రభుత్వ డిగ్రీ కళాశాలల్లో ఇరవై ఏళ్ళకు పైగా అర్థశాస్త్రం చెప్పాను. దానితోపాటు, ఎవరూ కోరి తీసుకోని కెరీర్ గైడెన్సు బాధ్యత కూడా చాలాకాలం నా నెత్తినే ఉంది. ఉమ్మడి రాష్ట్రంలో జవహర్ నాలెడ్జ్ సెంటర్ అనేవారు, రాష్ట్రం వచ్చాక పేరు మారింది. ఇంగ్లీషులో మాట్లాడడం, దరఖాస్తు రాయడం, ఇంటర్వ్యూలో కూర్చోవడం నేర్పుతాం. మంచివే. కానీ అవన్నీ ఎటు పోవాలో తేల్చుకున్నవాడికి పనికొచ్చేవి.

కెరీర్ అన్న మాటకు తెలుగులో సరైన మాట కోసం నేను చాలా వెతికాను. వృత్తి అంటే మా పిల్లలకు కులవృత్తి గుర్తుకొస్తుంది. ఉద్యోగం అంటే సర్కారు నౌకరి. వాళ్ళ ఇళ్ళలో నిజంగా పలికే మాట బతుకుదెరువు. తెరువు అంటే దారి. ఇంత చక్కని మాట ఉండి కూడా, "బతుకుదెరువుకు పోయిండు" అంటే ఊరు విడిచిపోయాడనే అర్థం స్థిరపడింది. బొంబాయికో, భివండికో, దుబాయికో.

మొదటి సంవత్సరం తరగతిలో శీర్షికలోని ప్రశ్న వేస్తే వచ్చే జవాబులు నాకు కంఠతా వచ్చు. గ్రూప్స్, పోలీసు సెలక్షన్లు, బీఎడ్, హైదరాబాదులో ఏదో సాఫ్ట్‌వేరు కోర్సు. ఆడపిల్లల్లో చాలామంది "చూడాలె సార్" అంటారు. చూడవలసింది ఎవరో నేను వేరే అడగనక్కర లేదు.

బొగ్గుబావుల పిల్లల జవాబు మాత్రం వేరు. ఒక ఏడాది, బీఎస్సీ రెండవ సంవత్సరం చదువుతున్న కుర్రవాడు, లెక్కల్లో మంచి చురుకైనవాడు, చాలా మామూలుగా అన్నాడు: "మా బాపు అన్‌ఫిట్ అయితే నాకు నౌకరొస్తది సార్." తరగతిలో ఎవరూ నవ్వలేదు, ఎవరూ ఆశ్చర్యపోలేదు. సింగరేణిలో వారసత్వ ఉద్యోగాల పథకాన్ని 2017లో హైకోర్టు కొట్టివేసింది. మిగిలింది కారుణ్య నియామకం. తండ్రి మరణించాలి, లేదా పనికి పనికిరాడని కొత్తగూడెంలో మెడికల్ బోర్డు తేల్చాలి. అంటే కొడుకు జీవితం తండ్రి ఊపిరితిత్తుల మీదో, వెన్నుపూస మీదో ఆధారపడి ఉంది. ఆ కుర్రవాడిలో దురాశ ఏమీ లేదు. ఇంట్లో ప్రతిరోజూ వినే లెక్కనే అప్పజెప్పాడు.

నేను వాడికి నీతులేమీ చెప్పలేదు. బావిలో ఎన్ని రకాల పనులుంటాయో చెప్పమన్నాను. జనరల్ మజ్దూర్, సర్దార్, ఓవర్‌మన్, మేనేజర్, అక్కడికి ఆగిపోయాడు. ఓవర్‌మన్ ఎలా అవుతారంటే తెలియదు. ధన్‌బాద్‌లో గనుల భద్రతా సంచాలకుల కార్యాలయం ఉంటుందని, సర్దారుకూ ఓవర్‌మన్‌కూ అది పరీక్ష పెట్టి ధ్రువపత్రం ఇస్తుందని తెలియదు. పదవ తరగతి తరువాత తన ఊరి పాలిటెక్నిక్‌లోనే మైనింగ్ డిప్లొమా చదివి ఉండవచ్చని కూడా తెలియదు. వాడు పుట్టి పెరిగింది బెల్లంపల్లిలోనే!

అదే జగిత్యాల వైపు వెళ్ళండి. మస్కట్ కాంపులో గదికి ఎంతమంది ఉంటారో, వీసాకు ఏజెంటు ఎంత అడుగుతాడో పదవ తరగతి పిల్లవాడు కూడా చెబుతాడు. అక్కడ గల్ఫ్ మీద అవగాహన సదస్సు ఎవరూ పెట్టలేదు. ప్రతి వాడకట్టులోనూ పోయివచ్చినవాడు ఉన్నాడు, అంతే. కానీ ఆ పక్కనే పొలాసలో వ్యవసాయ కళాశాల ఉంది. దాని ముందునుంచి బస్సులో తిరిగే రైతుల పిల్లలకు ఆ గేటు లోపలికి ఏ పరీక్ష రాసి పోవాలో తెలియదు, ఎందుకంటే లోపలికి పోయినవాడు వాళ్ళ ఇళ్ళలో లేడు. 2008లో ఫీజు రీయింబర్సుమెంటు వచ్చినప్పుడు ఇంజనీరింగు కాలేజీల వారే ఇళ్ళకు వచ్చి పిల్లలను పిలుచుకుపోయారు. ఏ బ్రాంచి అన్నది మిగిలిన సీటును బట్టి తేలింది. దీన్ని ఎంపిక అనడానికి నాకు నోరు రాదు.

ఈ విషయంలో నాకు దారి చూపింది మార్లవాయి. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీము నేలకొరిగిన తరువాత నిజాం ప్రభుత్వం గోండుల స్థితిగతులు తెలుసుకోవడానికి హైమెన్‌డార్ఫ్‌ను పంపింది. ఆయన మార్లవాయిలోనే గుడిసె వేసుకుని ఉన్నాడు. 1943లో అక్కడ గోండు యువకులకు ఉపాధ్యాయ శిక్షణ మొదలైంది. గోండిలోనే వాచకాలు తయారు చేశారు. అక్కడ చదువుకున్నవారిలో కొందరు పంతుళ్ళయ్యారు, కొందరు ప్రభుత్వంలో చిన్న చిన్న కొలువుల్లో చేరారు. తన భాష మాట్లాడే తన గూడెం మనిషి పుస్తకం పట్టుకుని నిలబడగా చూసిన పిల్లవాడికి ఇంకొకరు వచ్చి ప్రేరణ కలిగించనక్కరలేదు.

నేనూ ఆ పనే చిన్నగా చేశాను. ఒక ఆదివారం మా వీధిలోని ఓవర్‌మన్‌ను తరగతికి పిలుచుకువచ్చాను. ఉపన్యాసం వద్దు, మీ షిఫ్టు ఎలా గడుస్తుందో చెప్పండి చాలు అన్నాను. గ్యాసు ఎలా పరీక్షిస్తారో, పైకప్పును కర్రతో కొట్టి చప్పుడు ఎలా వింటారో చెప్పాడాయన. పిల్లలు నన్ను ఎన్నడూ అడగని ప్రశ్నలు అడిగారు. "మీకు భయం కాదా?" "లగ్గాలకు సెలవు దొరుకుతదా?" వెనక వరుసనుంచి ఒక అమ్మాయి, "ఆడోళ్ళు దిగొచ్చునా సార్?" అంది. 2019లో కేంద్రం అనుమతించింది, పగటి షిఫ్టుల్లో దిగవచ్చు అని నేనన్నాను. ఓవర్‌మన్ కాసేపు ఆలోచించి, "దిగొచ్చు బిడ్డా, కానీ మా బాయిల నేనింకా సూడలే" అన్నాడు. నిజం చెప్పినందుకు ఆయన మీద గౌరవం పెరిగింది.

తరువాత తల్లులను కూడా పిలవడం మొదలుపెట్టాను. కోరుట్ల వైపునుంచి వచ్చిన ఒక బీడీ కార్మికురాలు, నేను చెప్పిన కోర్సులన్నీ ఓపికగా విని రెండే అడిగింది: "హాస్టలు ఉంటదా సార్? పని దొరికితే పొద్దుగూకేవరకు ఇంటికొస్తదా?" ఏ గైడెన్సు పుస్తకంలోనూ ఈ ప్రశ్నలు లేవు. ఇప్పుడు నా నోటుపుస్తకంలో ప్రతి కోర్సు ఎదుటా ఈ రెండు గడులూ ఉన్నాయి. మూడవ గడిలో, ఆ పని చేస్తున్న మన కాలేజీ పూర్వ విద్యార్థి పేరు, ఊరు, ఫోను.

లెక్కల కుర్రవాడికి ఈసెట్ సంగతి చెప్పాను. గణితంతో బీఎస్సీ చేసినవారు అది రాసి ఇంజనీరింగు రెండవ సంవత్సరంలో చేరవచ్చు. రాశాడు, సీటు వచ్చింది. తల్లికి మాత్రం ఇష్టం లేదు, చేతిదాకా వచ్చే నౌకరి పోగొట్టుకుంటామా అని. వాదన చాలా రోజులు నడిచిందట. వాడు చేరాడు. తండ్రి ఇంకా మొదటి షిఫ్టుకు పోతున్నాడు.

నోటుపుస్తకంలో నలభై రెండు పనులు రాసుకున్నాను. పదిహేడింటి ఎదుట మూడవ గడి ఖాళీగానే ఉంది.