రిటైరయ్యాక మా వ్యాను కాపురం

పెద్దమ్మా పెద్దనాన్నా రిటైరయ్యాక వ్యానులో కాపురం పెట్టారట అని మన పిల్లలు నవ్వుకుంటున్నారని విన్నాను. నిజమే. నెలకి పది పన్నెండు రోజులు వ్యానులోనే. మిగతా రోజులు బరంపురంలో, మన పాత ఇంట్లో.

వ్యాను కూడా పాతదే. రవాణా ఆఫీసులో అనుమతి తీసుకుని వెనక సీట్లు తీయించాం, ఆ మార్పు ఆర్సీలో రాయించాం. అమెరికాలో ఆర్వీలంటారే, వాటిలో ఉన్నట్టు స్నానాలగదీ ఫ్రిజ్జూ లేవు. ఇద్దరు పడుకునే చెక్క బల్ల, దాని కింద బియ్యం డబ్బా, చిన్న గ్యాస్ పొయ్యి, నీళ్ళ క్యాన్లు, ఒక ఐస్ పెట్టె. పొయ్యి బయటికి దింపే వెలిగిస్తాం. చీకటి పడ్డాక బండి నడపను. సాయంత్రం నాలుగయ్యేసరికి ఏదో పెట్రోలు బంకులో అడిగి, లైటు కింద ఆపుకుంటాం. పొద్దున్నే చద్దన్నం, ఉల్లిపాయ. దాన్నే మన పక్కింటి ఒడియావాళ్ళు పఖాళ అంటారు.

ఐస్ పెట్టె చేపలకనుకునేరు! మీ పెద్దమ్మ కంటి చుక్కల మందుకి.

రెండేళ్ళ కిందట ఆవిడకి గ్లకోమా అని తేలింది. కంటి నరం దెబ్బతినే జబ్బు. చూపు అంచుల నుంచి తగ్గుతూ వస్తుంది. పోయిన చూపు తిరిగి రాదు, చుక్కలు ఉన్నదాన్ని కాపాడటానికే. డాక్టరు ఆ మాట చెప్పిన రోజు సాయంత్రం ఆవిడ ఏడవలేదు. "ఇన్నాళ్ళూ మీ స్కూలు గంటకి లేచాం, అత్తయ్యగారి మంచం పక్కన పడుకున్నాం. ఏమండీ, ఉన్న చూపుతో నాలుగూళ్ళు చూద్దామా?" అంది. వ్యాను సంగతి అలా మొదలైంది.

ఎక్కువగా దక్షిణం వైపే వెళ్తాం. ఇచ్ఛాపురం ఇంచుమించు పాతిక కిలోమీటర్లు. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడినప్పుడు మన బరంపురం అటు, ఇచ్ఛాపురం ఇటు ఉండిపోయాయి కదా. ఆ గీత దాటగానే బోర్డులన్నీ తెలుగులోకి మారిపోతాయి. ఇంట్లోనే తెలుగు నేర్చుకున్న మనిషి కాబట్టి పైకి చదువుతూ కూర్చుంటుంది. టిఫిను సెంటర్లు, ఎరువుల కొట్లు, పలాస దగ్గరికొస్తే జీడిపప్పు. ఆవిడకది సరదా. నాకు మాత్రం కంటి పరీక్ష. మొన్న పెద్దక్షరాలు చదివింది గానీ పక్కనున్న చిన్నవి వదిలేసింది. నేను అడగలేదు, ఆవిడా చెప్పలేదు.

వెళ్ళేటప్పుడు కొండలు నా వైపు, వచ్చేటప్పుడు ఆవిడ వైపు. అందుకని తిరుగు ప్రయాణంలో బండి ఇంకా నెమ్మదిగా నడుపుతాను. మహేంద్రగిరి 1500 మీటర్ల ఎత్తు. మబ్బు లేని రోజున ఆ వరస చూస్తుంటే ఇల్లు చేరాలనిపించదు.

టెక్కలి దగ్గర తేలినీలాపురం అని చిన్న ఊరు. పెలికాన్లు, ఎర్రకాళ్ళ కొంగలు వచ్చి అక్కడి చెట్ల మీద గూళ్ళు పెడతాయి. ఊరివాళ్ళు వాటిని చుట్టాల్లా చూసుకుంటారు. తిన్నగా ఎదురుగా ఉన్నదైతే మీ పెద్దమ్మ నాకంటే బాగా చూస్తుంది. ఒక్క చెట్టు మీద పద్నాలుగు గూళ్ళు లెక్కపెట్టింది. నాకు తొమ్మిదే కనిపించాయి.

ఇల్లమ్మేసి పూణే వచ్చెయ్యమంటాడు అబ్బాయి. వాడి భయం వాడిది. కానీ చూపు తగ్గాక కొత్త ఇల్లు అలవాటు చేసుకోవడం కష్టం. మన ఇంట్లో మెట్లెన్నో, నుయ్యి ఎంత దూరమో ఆవిడకి చీకట్లో కూడా తెలుసు. రేపు ఏమైనా ఆ ఇల్లు ఆవిడ చేతికి తెలిసినదై ఉండాలి. అందుకే ఇల్లు అమ్మం. కళ్ళు పనిచేస్తున్నన్నాళ్ళు రోడ్డూ మానం.

ఠాకురాణి జాతర అయ్యాక రంభ మీదుగా చిలికా వైపు, ఆ తర్వాత మీ మీ ఊళ్ళకీ వస్తాం. రెండ్రోజుల ముందు ఫోన్ చేస్తాం. పక్కలు వెయ్యక్కర్లేదు, గుమ్మం ముందు వ్యానుకి చోటుంటే చాలు. రాత్రి తొమ్మిదింటికి చుక్కలు వెయ్యాలని మాత్రం నాకు గుర్తు చెయ్యండి.