ఓటమికి సబర్ చేస్తాం, బేఇన్సాఫీకి ఎట్లా?

చిత్తూరుకు చెన్నై 150 కిలోమీటర్లు, హైదరాబాద్ 500కు పైనే. అందుకే మా మొహల్లాలో పసుపు జెర్సీలే జాస్తి. నేనొక్కణ్ణే సన్‌రైజర్స్ దివానా. "మామూ, మళ్లీ షికస్తేనా?" అని పిల్లకాయల మజాక్.

ఓడిపోయేది నసీబ్, దానికి సబర్ చేస్తా. నా షికాయత్ అంతా యాజమాన్యం మీదే. 2016లో 848 పరుగులు కొట్టి కప్పు తెచ్చినోడు వార్నర్. 2021లో టోర్నీ మధ్యలో కెప్టెన్సీ పీకేసినారు, ఆనక జట్టులోంచే పక్కన పెట్టినారు. ఎందుకో తనకెవరూ చెప్పలేదని ఆయనే అన్నాడు. పనోణ్ణి మాన్పించేటప్పుడు కూడా ఒక మాట చెప్తాం కదా భాయ్! ఆ ఏడు 14 మ్యాచుల్లో గెలిచింది 3. అట్టడుగు. రషీద్ ఖాన్‌నూ పోనిచ్చినారు, మరుసటి ఏడే గుజరాత్ జట్టులో కప్పెత్తినాడు. 2023లో మళ్లీ అట్టడుగే. 2024లో ఫైనల్ దాకా పోయినారు, కాదనను.

సిరాజ్ సంగతి ఇంకా దర్ద్. హైదరాబాద్ ఆటో డ్రైవర్ బిడ్డ. 2017లో మనోళ్లే 2.6 కోట్లకు కొన్నారు, ఒక్క సీజన్‌కే వదిలేసినారు. 2025 ఏప్రిల్‌లో గుజరాత్ బౌలర్‌గా ఉప్పల్‌కొచ్చి, 17 పరుగులిచ్చి మన వికెట్లు 4 తీసినాడు. మ్యాచ్ పోయింది. నేను మాత్రం టీవీ ముందు లేచి చప్పట్లు కొట్టినా.