వ్యాపారమునకు బ్లాగు ఇంకను పనికివచ్చునా?

మన పాఠశాలకు బిడ్డలను పంపు తలిదండ్రులలో చిన్న వ్యాపారములు చేసికొనువారు పెక్కండ్రు గలరు. పూతరేకులు చుట్టించువారు, పచ్చళ్లు పెట్టి అమెరికాలోని మనవారికి పంపువారు, మావలెనే లేసు అల్లించి అమ్మువారు అందులో నున్నారు. వీరిలో కొందరు ఈ నడుమ మమ్ములను కలిసికొని, “మీరిన్నేండ్లుగా బ్లాగు వ్రాయుచున్నారు గదా, దానివలన సరకు అమ్ముడుపోవుచున్నదా? మేమును మొదలుపెట్టుదుమా?” అని యడుగుచున్నారు. ఇది ఊసుపోక యడిగిన ప్రశ్న కాదు. నెలకు ముప్పది వ్యాసములు వ్రాసి పెట్టెదము, మీ యంగడి పేరు గూగులులో మొట్టమొదట కనబడునట్లు చేసెదము అని సొమ్మడుగువారు ఇప్పుడు ఊరూర తిరుగుచున్నారు. వారడుగు సొమ్ము కొన్ని యిండ్లలో బిడ్డ యేడాది రుసుమునకు సమానము. కావున మాకు తెలిసినంతవరకు ఉన్నదున్నట్లు చెప్పవలసియున్నది.

బ్లాగనగా అంతర్జాలములో ఎవరికి వారు తేదీలు వేసి వ్రాసికొను పుట. 1997లో అమెరికాలో ‘వెబ్‌లాగ’ను పేరు పుట్టినది; 1999లో అది ‘బ్లాగ’ని కుఱుచయైనది. ఆ సంవత్సరముననే బ్లాగరను సాధనమును, 2003లో వర్డ్‌ప్రెస్సును వచ్చుటతో అచ్చుకూటముతో పనిలేకయే ఎవరైనను తమ మాటను లోకమునకు చేర్చు వీలు కలిగినది. తెలుగువారును వెనుకబడలేదు. తెలుగు బ్లాగులలో నానాడు వచ్చిన క్రొత్త వ్రాతలనన్నింటిని ఒక్కచోట చూపు కూడలి, జల్లెడ వంటి తావులు ఉండెడివి. ప్రొద్దుట కాఫీతోపాటు వానిని చూచుట ఒక తరమువారికి అలవాటు.

వ్యాపారి చదువదగిన వ్రాత నిచ్చి జనుల నమ్మకమును సంపాదించుట మాత్రము అంతర్జాలముతో పుట్టిన తెలివి కాదు. అమెరికాలో నాగళ్లు చేయు జాన్ డీర్ సంస్థవారు 1895లోనే ‘ది ఫరో’ యను పత్రిక పెట్టి రైతులకు సేద్యపు సంగతులు చెప్పసాగిరి. మన తెలుగునాట డాక్టరు కె. ఎన్. కేసరిగారు స్త్రీల మందు లోధ్రను అమ్ముచు, 1928లో గృహలక్ష్మి యను మాసపత్రికను స్త్రీలకొఱకే స్థాపించిరి. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి సంగతి ఇంకను వింతయైనది. ఆయన 1893లో బొంబాయిలో అమృతాంజనమును ప్రారంభించి, సంగీతసభలలో దానిని ఉచితముగ పంచిపెట్టి పేరు తెచ్చిరి. 1908లో ఆంధ్రపత్రికను వారపత్రికగా పెట్టి, 1914లో దానిని చెన్నపట్టణమున దినపత్రిక గావించిరి. 1924లో భారతి వెలసినది. అయితే పంతులుగారు పత్రికతో మందు నమ్మిరనుట సరికాదు. మందు సంపాదించిపెట్టిన ధనముతో పత్రికను పోషించిరి. ఈ తేడాను మనస్సున నుంచుకొనవలెను. చదివించుటకై వ్రాసిన వ్రాతకును, అమ్ముటకై వ్రాసిన వ్రాతకును గల వాసన చదువరి ముక్కు ఇట్టే పసిగట్టును.

ఇక మా సంగతి. నరసాపురపు లేసునకును మిషనులకును గల సంబంధము ఈ పత్రిక చదువరులకు క్రొత్త కాదు. పందొమ్మిదవ శతాబ్దిలో మిషనరీ దొరసానులు గోదావరి ప్రాంతపు ఆడపిల్లలకు ఈ యల్లిక నేర్పిరి. కొక్కెము గల సన్నని సూదియు నూలుదారమును తప్ప వేఱు సాధనము లేదు. ఒకరు పువ్వులల్లుదురు, అది చేతిపని. మఱియొకరు ఆ పువ్వులను చేర్చి బల్లగుడ్డగనో దిండుగలీబుగనో తీర్చుదురు, అది అతుకుపని. దారమిచ్చి, అల్లినది తీసికొనిపోవు దళారి నడుమ నుండును. సరకు ఐరోపాకు చేరును. అల్లిన యామె పేరు వాకిలి దాటదు. మరియా మీస్ అను జర్మను పండితురాలు 1982లో ‘ది లేస్ మేకర్స్ ఆఫ్ నర్సాపూర్’ అను గ్రంథమున దీనిని విప్పి చెప్పిరి. ప్రపంచపు సంతకు సరకు చేయుచున్నను ఈ స్త్రీలను పనివారుగా నెవ్వరు నెంచరు, తీరికవేళ అల్లుకొను ఇల్లాండ్రుగా నెంచెదరు. అందుచేతనే కూలి అంత తక్కువ యని ఆమె చూపిరి.

మేము 2010లో బ్లాగు తెఱచుటకు కారణమిదియే. కొనువారు నేరుగా వచ్చినచో దళారి పాలు తగ్గి, ఆ మేరకు అల్లినవారి కూలి పెంచవచ్చునని తలచితిమి.

మొదటి మూడేండ్లు బాగుగనే గడచినవి. వ్రాసినది చదువువారుండిరి, చదివినవారు జాబులు వ్రాసిరి, వారిలో కొందరు కొనిరి. 2013 జులై 1వ తేదీన గూగులువారు తమ రీడరను సాధనమును మూసివేసిరి. నచ్చిన బ్లాగులలో క్రొత్త వ్రాత రాగానే తెలియజెప్పు సాధనమది. దానితో నిత్యము వచ్చి చూచువారు పలుచబడిరి. తరువాత ఫోనులు చౌకయైనవి. జనుల కన్ను అక్షరమును విడిచి ఆడు బొమ్మల మీద నిలిచినది. మా తోడి వ్యాపారులు కొందరు, “ఇంక చదువువారెవరు?” అని బ్లాగులు కట్టిపెట్టి టిక్‌టాక్‌లో ప్రవేశించిరి. మూడు పూటలలో మాకు మూడేండ్లకు రాని జనమును కూడబెట్టిరి. ఈ మాట అసూయతోనే చెప్పుచున్నాము. కాని 2020 జూనులో ప్రభుత్వము దానిని నిషేధించుటతో ఆ జనమంతయు ఒక్కరాత్రిలో చెల్లాచెదరైరి. వారి పేర్లు గాని చిరునామాలు గాని వ్యాపారి చేతిలో లేవు. అద్దెయింట పెట్టిన తులసికోట వంటిదది. మా బ్లాగు సైతము పరుల తావుననే యుండెను గావున, ఆ యేడు సొంతపేరు కొని దానిని అక్కడకు మార్చితిమి.

అంతకంటె పెద్ద మార్పు మొన్న వచ్చినది. 2022 నవంబరులో చాట్‌జీపీటీ వెలువడినది మొదలు యంత్రముచే వ్యాసములు వ్రాయించుట అతి సులభమైనది. 2024లో గూగులువారు అడిగిన ప్రశ్నకు తామే యంత్రముతో జవాబు కూర్చి పుట నెత్తిన చూపసాగిరి. మే నెలలో అమెరికాలోను, ఆగస్టులో మన దేశములోను అది ప్రవేశించినది. జవాబు వాకిటనే దొరికినప్పుడు లోపలికి వచ్చువారెవరు?

ఇందులకు మా పుటలోనే దృష్టాంతము కలదు. లేసు బల్లగుడ్డ మీద పసుపుమరక పడినచో ఏమిచేయవలెనని మేమొక వ్యాసము వ్రాసియుంటిమి. సబ్బుతో ఉతికి, తడిగ నుండగనే ఎండలో నారవేసినచో పసుపు తనంత తానే వెలిసిపోవును; మరక మీద సూర్యునికి మించిన చాకలి లేడు. ఏండ్ల తరబడి మా పుటకు వచ్చినవారిలో పెక్కండ్రు దీనికొఱకే వచ్చిరి. ఇప్పుడా జవాబును యంత్రమే చెప్పుచున్నది, మా పుటకు వచ్చువారు నాల్గవవంతైనను లేరు. అయితే ఆశ్చర్యమేమనగా, మా అమ్మకము తగ్గలేదు. లెక్కలు తిరుగవేసి చూడగా, మరక వదిలించుకొనవచ్చినవారిలో లేసు కొన్నవారు దాదాపు లేనేలేరని తెలిసినది. వారికి మరకతో పని గాని మాతో పనిలేదు.

కొన్నవారు చదివినవి వేఱు రెండు వ్యాసములు. ఒకటి, చేతి లేసును యంత్రపు లేసునుండి ఎట్లు గుర్తింపవలెనను సంగతి. మన యల్లికను అచ్చముగ అల్లగల యంత్రము లేదు. అంగడిలో చౌకగ దొరకునవి చూపునకు మాత్రమే పోలికగలవి. చేతి పువ్వులు రెండు ప్రక్కప్రక్కన పెట్టినచో వెండ్రుకవాసి తేడా యుండును. చివరి కొస పట్టి లాగినచో పువ్వంతయు ఒక్క దారముగ ఊడివచ్చును. యంత్రపు పువ్వు అట్లు ఊడదు, చిరుగును. ఇది చదివినవారు తమ యింట నున్న గుడ్డను పరీక్షించుకొని, మోసపోయితిమని తెలిసికొని మాకు వ్రాయుదురు.

రెండవది వెలను గూర్చినది. వెల చెప్పవద్దనియే మాకు చాలమంది బోధించిరి; పొరుగు వ్యాపారి చూచునని వారి భయము. మేము మాత్రము ఒక గుండ్రని పళ్లెపుగుడ్డను తీసికొని, దీనికి ఇన్ని గంటలు పట్టును, గంటకింత కూలి, దారమున కింత, ఉతికి గంజిపెట్టి ఇస్త్రీ చేయుట కింత, మాకు మిగులున దింత యని పైసలతో సహా వ్రాసితిమి. ఇది మేము కనిపెట్టిన యుపాయము కాదు. అమెరికాలో వర్జీనియా రాష్ట్రమున ఈతకొలనులు కట్టు రివర్ పూల్స్ సంస్థ యొకటి 2008 నాటి ఆర్థికపు దెబ్బకు కూలిపోవు స్థితిలో నుండగా, దాని భాగస్వామి మార్కస్ షెరిడన్ కొనువారు నోట నడిగిన ప్రతి ప్రశ్నకును, ముఖ్యముగ ఎవ్వరును చెప్పని వెల ప్రశ్నకు, బ్లాగులో జవాబు వ్రాసి వ్యాపారమును నిలబెట్టిరి. ఆ సంగతినే 2017లో పుస్తకముగ వెలువరించిరి. కొలనునకును పళ్లెపుగుడ్డకును పోలికేమని నవ్వుకొనుడు గాక. బేరమాడువాని మనస్సు రెండుచోట్లను ఒకటే. మా వ్యాసము చదివి కొందరు, “ఇంత వెలయా?” అని తిరిగిపోయిరి. మిగిలినవారు బేరమాడుట మానిరి. అంతకుముందు బేరములో పోయిన రూపాయి ఎవరి కూలిలోనుండి తెగెడిదో వారికి తెలిసెను గదా. ఆ యేడు చేతిపనికిని అతుకుపనికిని మేము కూలి పెంచగలిగితిమి. ఎక్కువేమియు కాదు, పెంచితిమని మాత్రము చెప్పవచ్చును.

2024లో నరసాపురపు లేసునకు భౌగోళిక గుర్తింపు వచ్చిన పిమ్మట మఱియొకటి గమనించితిమి. వచ్చువారు మా బ్లాగు చూచి లేసును గూర్చి తెలిసికొనువారు కారు. పేరు ముందే విని, ఎవరి ఫోనులోనో బొమ్మ చూచి, కొనవలెనని సగము నిశ్చయించుకొని, “వీరు నమ్మదగినవారేనా?” అని తేల్చుకొనుటకు బ్లాగు చదువుచున్నారు. చదివి, వాట్సాపులో రెండు ముక్కలడిగి, సొమ్ము పంపుచున్నారు. కావున బ్లాగు ఇప్పుడు టముకు కాదు. దాని చప్పుడు విని వీథి జనము కూడరు. గుమ్మము దాక వచ్చినవానికి వేసిన పీట యది. టముకు కావలసినవాడు ఫోనులో బొమ్మలాడించుకొనవలసినదే, దానిని మేము తప్పుపట్టము. పీట లేని యింటికి టముకు వేసి మనుష్యులను పిలుచుట మాత్రము మాకు నచ్చదు.

అందుచేత మమ్ములనడిగిన తలిదండ్రులకు మేము చెప్పినది, నెలకు ముప్పది వ్యాసములకు సొమ్ము పోయవలదని. ఆ ముప్పదియు యంత్రము వ్రాయునవే, పొరుగువాని పుటలోను అవే యుండును. పేరు పైకి తెచ్చుటకై యిట్టి వ్రాతలను గుట్టలుగ పోయుటను గూగులువారు 2024 మార్చిలో తమ నియమములలో నిషిద్ధముగ చేర్చినారు కూడ. పచ్చళ్ల అమ్మగారిని కొనువారు ప్రతిదినము ఫోనులో అడుగు ప్రశ్న లున్నవి: విమానములో నూనె కారదా? ఆవకాయ మీద నూనె తేలకున్న బూజు పట్టునా? వానకాలము పూతరేకు మెత్తబడదా యని ఇంకొకరి నడుగుదురు. ఆ జవాబులను తమ మాటలతో, నోట చెప్పినట్లే, ఏడాదికి ఐదారు వ్రాసిన చాలును. వ్రాయుటకు చేయి తిరుగనిచో బడిలో చదువు బిడ్డ వ్రాసిపెట్టును. అమ్మ చెప్పగా బిడ్డ వ్రాసిన పుట ఒకదానిని మొన్న చూచితిమి. అక్షరదోషములు కలవు గాని, ఉప్పు పాలు ఎంతో అంతయు నిజమే చెప్పినది.

మాకును తేలని సంగతి యొకటి కలదు. అల్లినవారి పేర్లును బొమ్మలును వేసినచో అమ్మకము పెరుగునని అందఱు చెప్పుదురు, అది నిజమే. కాని అమ్మకమునకై ఒకరి ముఖమును లోకమునకు చూపుట ఉచితమా? మా దగ్గఱ నెంతోకాలముగ పనిచేయు వృద్ధురాలిని అడిగితిమి. “నా మొగమెందుకు బాబూ, ఆళ్లు కొనేది నా మొగమా? ఈ పువ్వు ఎయ్యండి” అన్నది. సరే, పువ్వు బొమ్మ వేసి క్రింద ఆమె పేరు వ్రాయబోతిమి. అతుకుపని చేయు ఆమె ప్రక్కనుండి, “పువ్వు దానిదే, గుడ్డ నాది గదండీ” అని అడ్డము వచ్చినది. ఎవరి పేరు ముందుండవలెనని ఇద్దఱును మధ్యాహ్నమంతయు వాదులాడుకొనిరి. వాద మింకను తెగలేదు. పుట అచ్చుకు సిద్ధముగ నున్నది.