వీధిలో మూడు ప్రాణాలు... ఇంట్లో ముప్ఫై!

ఏలూరు రోడ్డు నుంచి బీసెంట్ రోడ్డులోకి తిరిగితే చాలు, బేరాల గోల చుట్టుముడుతుంది. చెప్పులు, చీరలు, గాజులు, ఫోన్ కవర్లు... అన్నీ రోడ్డు మీదే! తొంభైల్లో బెజవాడలో పెరిగినవాళ్లకు మాత్రం ఈ చుట్టుపక్కల సందుల్లోకి అడుగుపెడితే మరో చప్పుడు గుర్తొస్తుంది. సగం తెరిచిన తలుపు, లోపల చీకటి, డిష్యుం డిష్యుం శబ్దాలు, మధ్యలో 'ఒరేయ్, ఇంకో బిళ్ల వెయ్యరా!' అంటూ ఓ కేక. అదే వీడియో గేమ్స్ షాపు. అక్కడ పెద్దవాళ్ల కంటపడితే ఇంటికెళ్లాక వీపు విమానం మోతే!

అదే రోజుల్లో ఆ ఆటలు చిన్న డబ్బాలో ఇంటికీ వచ్చాయి. టీవీకి వైరు తగిలించి, క్యాసెట్ గుచ్చితే సరి. పేరు అదే. బొమ్మా ఇంచుమించు అదే. మరి ఆట కూడా అదేనా?

హాల్లో బొమ్మ... టీవీలో బొమ్మ

ఈ తేడా బెజవాడవాళ్లకు విడమరిచి చెప్పక్కర్లేదు. 1921లోనే మారుతీ సినిమా హాలు వెలసిన ఊరిది. గాంధీనగర్ అంటే సినిమా పంపిణీ ఆఫీసులకు పెట్టింది పేరు. హాల్లో చూసిన బొమ్మనే టీవీలో చూస్తే ఏదో వెలితి. అయితే సినిమా చిన్న తెర మీదకొస్తే బొమ్మ చిన్నదవుతుందే తప్ప కథ మారదు. ఆటను మాత్రం ఇంటి డబ్బా కోసం మళ్లీ మొదట్నుంచీ తయారుచేయాల్సి వచ్చేది. షాపులోని పెట్టెలో ఖరీదైన సర్క్యూట్ బోర్డు ఉండేది. ఇంటి డబ్బాలో ఉన్నదేమో చిన్న బుర్ర. పెద్ద సామానంతా చిన్న గదిలో సర్దాలంటే కొన్ని వదులుకోక తప్పదుగా!

1980లో జపాన్‌లో పుట్టిన 'ప్యాక్‌మ్యాన్'నే తీసుకోండి. 1982లో అది అమెరికాలో అటారీ డబ్బాలోకి వచ్చింది. దాని జ్ఞాపకశక్తి 128 బైట్లే! దాంతో వెంటపడే దయ్యాలు నాలుగూ ఒకేసారి తెర మీద నిలవలేక మిణుకుమిణుకుమనేవి. దారుల అల్లిక కూడా మారిపోయింది. ఆట లక్షల్లో అమ్ముడైనా ఆడినవాళ్లు పెదవి విరిచారు.

'డాంకీకాంగ్'ది మరో కథ. 1981లో వచ్చిన అసలు ఆటలో నాలుగు ఘట్టాలు. నింటెండో సంస్థ 1983లో జపాన్‌లో 'ఫ్యామికామ్' డబ్బాను విడుదల చేసినప్పుడు ఆ ఆట మొత్తం 24 కిలోబైట్లలో ఇమడాల్సి వచ్చింది. ఇప్పటి ఫోన్‌లో తీసే ఒక్క ఫొటోకి దానికి వంద రెట్లు చోటు కావాలి! ఫలితం... బెల్టుల మీద తట్టలు కదులుతుండే ఘట్టం ఎగిరిపోయింది. మన దేశంలో అమ్మిన 'సమురాయ్' లాంటి డబ్బాలు ఆ ఫ్యామికామ్ నమూనాలే. కాబట్టి ఇక్కడి పిల్లలు మూడు ఘట్టాలు దాటి, ఆటంతా గెలిచేశామని సంబరపడ్డారు. నాలుగోది ఒకటుందని వాళ్లకెవరు చెప్పాలి? అసలు ఆట ఉన్నదున్నట్టుగా నింటెండో వారి 'స్విచ్'లోకి వచ్చింది 2018లో!

కరెంటు పోతే కథ కంచికే

ఇక బందరు రోడ్డు పట్టుకుని డెల్టాలోకి వెళ్దాం. కంకిపాడు, ఉయ్యూరు దాటితే పామర్రు. అక్కణ్నుంచి ఓ దారి గుడివాడకి, ఇంకోటి బందరుకి. పక్కన కాలువ, ఆ పైన వరిచేలు. ఇటువైపు పల్లెల పిల్లలకు బిళ్ల వేసి ఆడే షాపు ఎప్పుడో బెజవాడ వెళ్లినప్పటి మాట. వేసవి సెలవుల్లో పట్నం నుంచి వచ్చిన మేనత్త కొడుకు సంచిలోని డబ్బానే వాళ్లకు షాపు, ఎగ్జిబిషన్, అన్నీనూ. క్యాసెట్ మీద '9999 ఆటలు' అని ఉండేది. తీరా చూస్తే పట్టుమని పది ఆటలే, పేర్లు మార్చుకుని మళ్లీ మళ్లీ వచ్చేవి!

ఇంటి డబ్బా అసలుదాన్ని మించిపోయిన సందర్భమూ ఉంది. 'కాంట్రా' షాపుల్లోకి వచ్చింది 1987లో, నిలువు తెర మీద. 1988లో వచ్చిన ఇంటి 'కాంట్రా'లో బొమ్మల నాణ్యత తగ్గింది కానీ ఘట్టాలను ఓపిగ్గా పెంచి, తీర్చిదిద్దారు. దాన్నే మేలైనదంటారు చాలామంది. అన్నిటికంటే ముఖ్యం రహస్య మంత్రం... పైకి, పైకి, కిందికి, కిందికి, ఎడమ, కుడి, ఎడమ, కుడి, బి, ఎ. అంతే, మూడు ప్రాణాలు ముప్ఫై అయ్యేవి! ఈ మంత్రం మొదట పుట్టింది 1986లో, 'గ్రాడియస్' అనే ఆటను ఇంటి డబ్బాకి తెస్తున్నప్పుడు. ఆట మరీ కష్టంగా ఉండి పరీక్షించడం కుదరక, కజుహిసా హషిమొతో అనే ఉద్యోగి తన సౌకర్యం కోసం పెట్టుకున్నాడు.

అసలు తేడా అక్కడే ఉంది. షాపులో పెట్టె మన బిళ్ల కోసం చూస్తుంది. త్వరగా ఓడిస్తేనే దానికి లాభం. ఇంటి డబ్బాకి ఆ తొందర లేదు. ఓడిపోయినవాడికీ ఇంకో అవకాశం ఇస్తుంది. కాకపోతే ఏడో ఘట్టంలో ఉండగా కరెంటు పోతే ముప్ఫై ప్రాణాలూ గాల్లోనే!

ముస్తఫా మాత్రం రాలేదు

పసుపు టోపీ పెట్టుకుని ఎగిరి తన్నే 'ముస్తఫా' గుర్తున్నాడా? ఆ ఆట అసలు పేరు 'క్యాడిలాక్స్ అండ్ డైనోసార్స్'. క్యాప్‌కామ్ సంస్థ 1993లో తెచ్చింది. మన షాపుల్లో మాత్రం హీరో పేరే ఆట పేరైపోయింది! ముగ్గురు భుజం భుజం తగిలేలా నిలబడి ఆడొచ్చు. వెనకాల పదిమంది సలహాలు ఉచితం. చిత్రమేమిటంటే, ఇంత ఇష్టపడ్డ ఆట ఏ ఇంటి డబ్బాలోకీ రాలేదు. అమెరికన్ కామిక్ పుస్తకం నుంచి హక్కులు తీసుకుని చేసిన ఆట అది. 2018లో క్యాప్‌కామ్ ఇలాంటి పాత ఆటలు ఏడింటిని ఒకచోట చేర్చి విడుదల చేసింది. అందులోనూ ముస్తఫా లేడు.

ఆ షాపులూ మూతపడ్డాయి. ఎగ్జిబిషన్లు కళకళలాడిన పీడబ్ల్యూడీ గ్రౌండ్స్‌లో 2024 నుంచి 125 అడుగుల అంబేడ్కర్ విగ్రహం కొలువుదీరింది. మాల్స్‌లో బిళ్ల బదులు కార్డు గీకుతున్నారు. పాత ఆటలన్నీ ఫోన్‌లోకే వచ్చేస్తున్నాయి, ఘట్టాలేవీ తగ్గకుండా. తగ్గిందల్లా పక్కన నిలబడేవాళ్లే! ఈ ఆదివారం పిల్లలు ఫోన్ పట్టుకుంటే వెంటనే లాక్కోకండి. పక్కన కూర్చుని 'ఎగిరి తన్నరా!' అని ఓ ఉచిత సలహా పడేయండి. మూడు ప్రాణాలతో ఎందాకా వెళ్తారో మీరే చూడండి!