అదిగో అత్తమ్మా, పాలపిట్ట!

పండుగపూట ఇంట్లో మీరొక్కరే ఉన్నారా ఎప్పుడైనా? నేనైతే పెళ్లయిన ఇరవై అయిదేళ్లలో 2025 దసరా దాకా ఎన్నడూ లేను. "ఒక్కరోజు ఒంటరిగా ఉంటే ఎంత హాయో" అని గిన్నెలు తోముతూ వెయ్యిసార్లు అనుకున్నదాన్నే. తీరా ఆ హాయి వచ్చేసరికి ఏం చేయాలో తోచక వంటింట్లో నిలబడిపోయాను.

మాది కురవి. వీరభద్రస్వామి గుడి ఉన్న ఊరంటే మీలో చాలామందికి తెలుస్తుంది. ఆ యేడు శివరాత్రి జాతర అయిపోయిన వారానికి మా అత్తమ్మ పోయింది. ఏడాది తిరగలేదు కాబట్టి మా ఇంట్లో పండుగ లేదు. బతుకమ్మ పేర్చలేదు, గుమ్మానికి తోరణం లేదు. మావారు ఆర్టీసీ డ్రైవరు. పండుగంటే స్పెషల్ బస్సులు, డ్యూటీ తప్పదు. అమ్మాయి ఖమ్మంలో అత్తగారింట్లో ఉంది. అబ్బాయేమో బెంగుళూరు నుంచి ఫోన్ చేసి, "ఎట్లాగూ పండుగ చేయట్లేదు కదమ్మా, సంక్రాంతికి వస్తాలే" అన్నాడు. వాడన్నదాంట్లో తప్పేం లేదు. అయినా ఫోన్ పెట్టేశాక కాసేపు అక్కడే కూర్చుండిపోయాను.

బియ్యం డబ్బాలో గ్లాసు ముంచి ఆగిపోయాను. ఒక్కదానికి ఎంత పోయాలి? మూడు గ్లాసులు పోసే చేతికి ఒక గ్లాసు పోయడం కూడా నేర్చుకోవాల్సిన పనేనండీ! ఆ దసరా అక్టోబర్ 2న, గాంధీ జయంతి రోజే వచ్చింది. మా వీధిలో అందరూ ముందురోజే మాంసం తెచ్చి ఫ్రిజ్జుల్లో పెట్టుకున్నారు. తెల్లారేసరికి వీధంతా మసాలా వాసన, గారెల వాసన. వచ్చినవాళ్లంతా "అయ్యో, ఒక్కదానివే ఉన్నావా" అనేవాళ్లే. ఆ మాట నాలుగోసారి విన్నాక ఇంక ఇంట్లో ఉండబుద్ధి కాలేదు. గుడికి పోదామంటే ఏటిసూతకం. సాయంత్రం నాలుగింటికి తలుపుకి తాళం వేసి, గుడి వైపు కాకుండా చేన్ల వైపు నడిచాను.

ఆ దారిలో దసరాకి ఒక్కదాన్నే వెళ్లడం అదే మొదటిసారి. ప్రతి యేడూ పక్కన అత్తమ్మ ఉండేది. "నడువు బిడ్డా, పిట్టను చూసొద్దాం" అని బయల్దేరదీసేది. అజ్ఞాతవాసం ముగించుకుని వస్తున్న పాండవులకి పాలపిట్ట కనబడిందనీ, దసరా నాడు దాన్ని చూస్తే ఏడాదంతా మేలనీ మా వైపు నమ్మకం. ఇప్పుడది మన తెలంగాణ రాష్ట్ర పక్షి కూడా. కొందరు దాన్ని పట్టి పంజరంలో పెట్టి డబ్బులు తీసుకుని చూపిస్తుంటారు. అది 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం. అత్తమ్మకి చట్టాలు తెలియవు గానీ, ఆ సంగతి చెబితే "పంజరంల పెట్టినంక అది మనకేం మేలు చేస్తది?" అనేది.

ఆవిడ ఒక కంటికి శుక్లం ఆపరేషన్ అయ్యింది. రెండోదానికి భయపడి చేయించుకోలేదు. పిట్టని వెతికే పని నాది, దండం పెట్టే పని ఆవిడది.

ఇక్కడ మీకో తప్పు చెప్పుకోవాలి. 2016 దసరా, అక్టోబర్ 11. ఆ రోజే మా మానుకోట, అదే మహబూబాబాద్, జిల్లా అయ్యింది. అప్పటిదాకా మాది వరంగల్ జిల్లా. ఊరంతా టీవీల ముందుంది. నేను తెల్లవారుజామున నాలుగింటికి లేచి గారెలు, అప్పాలు, రెండు కూరలు చేసి ఉన్నాను. కాళ్లు పీకుతున్నాయి. పిట్ట ఎంతకీ కనబడలేదు. ఆవిడ కదలదు. చివరికి విసుగెత్తి కరెంటు తీగ వైపు చెయ్యి చూపించి "అదిగో అత్తమ్మా, పాలపిట్ట!" అన్నాను. తీగ మీద ఏమీ లేదు. ఆవిడ చెప్పులు విడిచి, ఆ ఖాళీ తీగకి రెండు చేతులెత్తి దండం పెట్టింది. ఇంటికొచ్చి "మా కోడలు చూపిచ్చింది" అని వాడకట్టంతా చెప్పుకుంది. ఆ రాత్రి నాకు ముద్ద దిగలేదు. ఎవరికీ చెప్పలేదు, మావారికి కూడా.

పోయేముందు, సంక్రాంతి తర్వాత అనుకుంటా, కాళ్లకి నూనె రాస్తుంటే ఆవిడే అంది. "ఆ యేడు తీగ మీద పిట్ట లేకుండె గదనే?" నా చెయ్యి ఆగిపోయింది. "నాకు తెల్వదనుకున్నవా? పొద్దటి సంది నిలవడి వండినవ్. నీ కాళ్లు గుంజుతున్నయని నాకెర్కే. దండం పెడితే గాని నువ్వు ఇల్లు చేరవు గద" అంది. అని కళ్లు మూసుకుంది. నేనేం అనలేదు. ఏదో ఒకటి అని ఉండాల్సింది.

ఇదంతా తలుచుకుంటూ నడుస్తున్నాను. రోడ్డు మీద మక్కలు ఆరబోసి ఉన్నాయి. వరి పొట్టకొచ్చింది, పత్తి అక్కడొకటి ఇక్కడొకటి పగులుతోంది. చెరువుకట్ట కింద నీళ్లలో మొన్నటి సద్దుల బతుకమ్మల పూలు ఒడ్డుకి కొట్టుకొచ్చి ఉన్నాయి. బంతి, తంగేడు, రంగు దిగిన గునుగు. గట్ల మీద గునుగు మునుపటంత లేదు. గడ్డి మందు కొట్టడం మొదలయ్యాక తగ్గిపోయింది. పిట్టలూ అంతే. "పురుగు లేని చేన్ల పిట్టకేం పని?" అని అత్తమ్మ ఎప్పుడో అన్న మాట.

ఆవిడ కూర్చునే రాయి మీద కూర్చున్నాను. ఎదురుగా మిరప చేను, ఇంకా మోకాలెత్తు కూడా రాలేదు. చల్లగాలి వీస్తోంది. ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. స్తంభం దగ్గర తీగ మీద మట్టిరంగు పిట్ట ఒకటి ఉంది, గోరింకేమో అనుకుని పట్టించుకోలేదు. పాలపిట్టతో వచ్చిన తంటానే అది. కూర్చుంటే మట్టిరంగే కనిపిస్తుంది. అది చేలో పురుగుని చూసి ఒక్కసారి కిందికి దూకింది. రెక్కలు విప్పింది చూడండీ, అబ్బ, నీలం! చీరల కొట్లో ఎంత వెతికినా దొరకని నీలం.

"అదిగో అత్తమ్మా!" అని పైకే అనేశాను. చెప్పులు విడిచి దండం పెట్టాను. నా కోసం కాదు. కాళ్లు పీకుతున్న కోడలి కోసం ఖాళీ తీగకి దండం పెట్టిన ఆవిడకి.

గట్టు మీద బర్రెల్ని తోలుకుపోతున్న పిల్లాడు ఆగి, నా చుట్టూ చూసి, "ఎవరితోని మాట్లాడుతున్నవ్ పెద్దమ్మా?" అన్నాడు. "మా అత్తతోని" అన్నాను. వాడు బర్రెల్ని గబగబా తోలుకుపోయాడు!

ఇంటికొచ్చేసరికి పక్కింటావిడ గిన్నె నిండా గారెలు గుమ్మం దగ్గర పెట్టి వెళ్లింది. గ్లాసు బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టాను. తర్వాత మావారు గుర్తొచ్చి ఇంకో అర గ్లాసు కలిపాను. ఆయన రాత్రి పదకొండింటికి వచ్చారు. కాళ్లు కడుక్కుంటూ "పిట్టను చూశావా?" అని అడిగారు.

"చూశాను. ఈసారి నిజంగానే" అన్నాను.

ఆయనకి అర్థం కాలేదు. "కూరేం చేశావ్?" అన్నారు.