వేదాద్రి గట్టున పీహెచ్‌పీ పాఠం

విజయవాడ హైవేలో చిల్లకల్లు దగ్గర బస్సు దిగేసరికి మేనల్లుడు ల్యాప్‌టాప్ బ్యాగుతో సిద్ధంగా ఉన్నాడు. జగ్గయ్యపేటలో ఒక మిర్చి వ్యాపారికి కాటా చీటీలు రాసే వెబ్ అప్లికేషన్ చేసిచ్చింది వాడే.

"మామయ్యా, చీటీల్లో తేదీలు తప్పు పడుతున్నాయి."

"ముందు దర్శనం చేసుకుందాం పదరా" అన్నాను.

ఆటోలో వేదాద్రి చేరి, కృష్ణలో మునిగి, గట్టు మీది గుడిలో యోగానంద నరసింహస్వామిని చూసుకున్నాం. జ్వాలా నరసింహుడు కొండపైన. ఎండ ముదరకముందే అక్కడికీ ఎక్కి దిగాం.

నీడన కూర్చున్నాక చూపించాడు. తెల్లవారుజామున మూడింటికి తూచిన లోడుకి ముందురోజు రాత్రి తొమ్మిదిన్నర పడింది. తేదీ మారితే రైతుకి లెక్కగట్టే ధరా మారొచ్చు, వదిలేసే విషయం కాదు. టైమ్‌జోన్ ఎక్కడా చెప్పకపోతే పీహెచ్‌పీ యూటీసీ పట్టుకుంటుంది, మనకంటే ఐదున్నర గంటలు వెనక. వీడు ఏ పేజీకాపేజీలో ఏషియా/కోల్‌కతా అని రాసుకుంటూ వచ్చాడు. కొత్తగా చేర్చిన ప్రింట్ పేజీలో ఆ లైను లేదు.

నన్ను అంతకంటే భయపెట్టింది ఫోల్డర్. అన్ని ఫైళ్లూ ఒక్కచోటే! కాన్ఫిగ్.పీహెచ్‌పీని బ్రౌజర్లో అడిగితే సర్వర్ దాన్ని నడిపి ఖాళీ పేజీ ఇస్తుంది, సరే. పక్కనే కాన్ఫిగ్-పాత.టీఎక్స్‌టీ ఉంది. దాన్ని అడిగాను. డేటాబేస్ పాస్‌వర్డ్ తెరమీద పడింది. వాడి మొహం పాలిపోయింది.

పబ్లిక్ అనే ఫోల్డర్ పెట్టి ఇండెక్స్ ఫైలు, సీఎస్ఎస్, బొమ్మలు మాత్రం అందులో ఉంచాం. సర్వర్‌కి కనిపించాల్సింది అదొక్కటే. క్లాసులు, కాన్ఫిగ్, కంపోజర్ వాడే వెండర్ ఫోల్డర్ దాని బయటికి వెళ్లాయి. ప్రతి పేజీ అడ్రసూ ఇక ఇండెక్స్ గుండానే వెళ్లాలి. అది బూట్‌స్ట్రాప్ ఫైలుని పిలుస్తుంది. అందులో మొదట ఆటోలోడ్, తర్వాత సెట్టింగులు, టైమ్‌జోన్, ఎర్రర్ లాగ్, చివర డేటాబేస్. ఈ వరస ముఖ్యం: సెట్టింగులు చదవకుండా డేటాబేస్ తెరవలేం.

క్లాసులకి పీఎస్ఆర్-4 పద్ధతి వాడాం. నేమ్‌స్పేస్ పేరుని బట్టి ఫైలు ఎక్కడుందో కంపోజరే చూసుకుంటుంది. గట్టున సిగ్నల్ అంతంతమాత్రం, అయినా కంపోజర్ డంప్-ఆటోలోడ్ కమాండ్‌కి నెట్ అక్కర్లేదు. 2012లో కంపోజర్ రాకముందు రిక్వైర్ లైన్లు చేత్తో పేర్చుకున్నవాణ్ణి, నాకిది ఇప్పటికీ సంబరమే.

పేజీల్లో మిగిలిన టైమ్‌జోన్ లైన్లు తిరుగు ఆటోలో వాడే తీసేశాడు. పాస్‌వర్డ్ మాత్రం ఆ రాత్రే మార్చమన్నాను.