ధర క్వింటాలుకి, బతుకు ఎకరానికి

నవంబర్ 17, 2024
భోపాల్ నుంచి సెహోర్ దాకా రోడ్డుకి రెండు పక్కలా నల్లరేగడే. సోయా తీసేసిన చేలల్లో గోధుమ విత్తుతున్నారు. హైదరాబాద్‌లో పిండి ప్యాకెట్ మీద పెద్ద అక్షరాల్లో కనబడే ‘షర్బతి’ పుట్టిల్లు ఇదే. సెహోర్, విదిశ జిల్లాల షర్బతికి 2023లో జీఐ గుర్తింపు వచ్చింది. ఆ పేరుకి రైతు దగ్గర ఎంత ముడుతుందో చూడాలి.

నవంబర్ 24
ఒక రైతు షర్బతి ఒప్పంద పత్రం చూపించాడు. మద్దతు ధర మీద క్వింటాలుకి 500 ఎక్కువ. కొనేవాళ్ళు చెప్పిన విత్తనమే వెయ్యాలి, తేమ 12 శాతం దాటకూడదు, గింజ మెరవాలి, వేరే రకం కలవకూడదు. సరుకు వెనక్కి పంపితే ఏమిటన్నది మాత్రం ఎక్కడా లేదు. అడిగితే నవ్వి, “మండీ ఉందిగా భాయీసాబ్” అన్నాడు.

డిసెంబర్ 8
లెక్క వేసి చూశా. మామూలు రకం ఎకరాకి 20 క్వింటాళ్ళు అనుకుందాం. ఈ సీజన్ మద్దతు ధర 2,425, అంటే 48,500. షర్బతి 15 క్వింటాళ్ళే అయితే, 2,925 చొప్పున 43,875. ప్రీమియం తీసుకుని కూడా 4,625 తక్కువ! దిగుబడి పావు వంతు పడిపోతే, ధర మూడో వంతు పెరిగితే గానీ సరిపోదు. పొడుగు మొక్క కాబట్టి భూసా (పశువుల గడ్డి) ఎక్కువొస్తుంది, ఎరువు ఖర్చూ తగ్గుతుంది. ఆ రెండూ కలుపుకున్నా గండి ఎంత పూడుతుందో రైతు తన ఇంటి లెక్కలోనే చూసుకోవాలి.

జనవరి 12, 2025
యూరియా దట్టించి షర్బతి దిగుబడి పెంచుదామంటే కుదరదు. షర్బతిగా పండించే సీ-306 లాంటి పాత పొడుగు రకం ఎరువూ నీళ్ళూ ఎక్కువైతే గాలికి పడిపోతుంది. రవ్వకీ పాస్తాకీ పనికొచ్చే కఠియా గోధుమది ఎదురు గుణం: నత్రజని చాలకపోతే గాజులా ఉండాల్సిన గింజలో పిండి మచ్చలు పడతాయి, ప్రీమియం పోతుంది.

ఫిబ్రవరి 9
టీ కొట్టు దగ్గర 2022 ముచ్చట. ఉక్రెయిన్ యుద్ధం, మార్చి ఎండలు. మండీ ధర 2,015 మద్దతు ధరని దాటేసింది. ముందు ఏడాది 433 లక్షల టన్నులు కొన్న సర్కారుకి ఆ ఏడాది దొరికింది 188 లక్షల టన్నుల దరిదాపు. మే 13న ఎగుమతులు ఆపేశారు. అలాంటి ఏడాదిలో ఒకే అంకెకి సంతకం పెట్టినవాడు పక్క చేనువాడి ట్రాలీ వంక చూస్తూ కూర్చోవాల్సిందే. “మండీ ధర మీద ఇంత, ఎట్టి పరిస్థితుల్లోనూ ఇంతకు తగ్గకుండా” అని రాయించుకుంటేనే అది ఒప్పందం.

మార్చి 23
మధ్యప్రదేశ్ సర్కారు ఈసారి 175 బోనస్ ఇస్తోంది, మామూలు గోధుమే 2,600. ఒప్పందంలో 2,925 అని అంకె బిగిస్తే 500 కాస్తా 325 అయిపోయింది. నా డిసెంబర్ లెక్కలో తేడా 8,125కి పెరిగింది. ప్రీమియం దేని మీద అన్నది ఎంత అన్నదానికంటే ముందు అడగాలి.

మార్చి 30
కోతల వేళ వాన పడితే గింజ మెరుపు పోయి తెల్లబారుతుంది. తిండికి లోటుండదు, గ్రేడుకి పనికిరాదు. గద్వాల సీడ్ పత్తి రైతుకి ఇది కొత్తగా చెప్పక్కర్లేదు: పరీక్షలో విత్తనం ఫెయిలైతే ఏడాది చాకిరీ మామూలు పత్తి గింజల కిందికి పోతుంది. షర్బతి రైతుకి అక్కడికంటే ఒక మేలు, తిరిగొచ్చిన సరుకుని మండీ తీసుకుంటుంది. కానీ తగ్గిన దిగుబడి తిరిగి రాదు.

ఏప్రిల్ 13
షర్బతితో లాభం కళ్ళజూసినవాళ్ళు ఇద్దరు తగిలారు. ఒకరిది బోరు లేని మెరక చేను. అక్కడ ఏ రకం వేసినా 20 క్వింటాళ్ళు రావు, కాబట్టి వదులుకున్నది ఏమీ లేదు. ప్రీమియం మొత్తం మిగులే. రెండో ఆయన గింజ శుభ్రం చేసి, సంచుల్లో భోపాల్ ఇళ్ళకే అమ్ముకుంటాడు. నీళ్ళున్న చేలో షర్బతి వెయ్యమనేవాడు ఆ అయిదు క్వింటాళ్ళ లోటు కూడా కాగితం మీద పెట్టాలి. పెట్టకపోతే మామూలు రకమే మేలు.